బోర్లించిన మూడు క్యాపులు

నాన్న కారు ఇంజను కదలడం లేదని మా మేనల్లుడు వంశీ గుడివాడ నుంచి ఫోను చేసినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే బయల్దేరాను. నాన్న పోయి చాలా కాలమైంది. ఆయన చిన్న కారు మా తమ్ముడి ధాన్యం గోదాములో పరదా కింద పడి ఉండేది. అమ్మడానికి మనసొప్పక, బాగు చేయించడానికి ఓపిక లేక తమ్ముడు దాన్ని అలా వదిలేశాడు. వంశీ వాడి కొడుకే. ఇంటి నుంచే కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు, మీటింగుకీ మీటింగుకీ మధ్య చేతులకి గ్రీజు పూసుకుంటాడు. ఏడాది క్రితం వాడికి తాతయ్య కారు మీద మనసు పడింది. నట్టు నట్టూ విప్పాడు, ప్రతి సామానూ ఫోటో తీశాడు, డబ్బాల మీద పేర్లు రాసి అంటించాడు, ఎక్కడెక్కడివాళ్ళో పెట్టిన వీడియోలన్నీ చూశాడు. ఇంత చేసీ తిరిగి బిగించేసరికి ఇంజను మొండికేసి కూర్చుంది.

నేను వెళ్ళేసరికి ఇంజను స్టాండు మీద తలకిందులుగా ఉంది. వంశీ ఇంజనులో తిరగాల్సిన షాఫ్టుని రెండు చేతులా పట్టుకుని లాగి చూపించాడు. మెడ నరాలు పొంగాయి గానీ అది కదల్లేదు. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేశాననీ, తప్పు ఎక్కడ జరిగిందో అంతుబట్టడం లేదనీ చెప్పాడు. ఏడాది తగలేసింది చాలు, తుక్కువాడిని పిలుస్తానని పొద్దున్నే వాళ్ళ నాన్న వచ్చి చెప్పి వెళ్ళాడట. నేను కుర్చీలో కూర్చునే అన్నాను: "షాఫ్టు మీది మూడు క్యాపులూ వదులు చెయ్యి. ముందు ఒక్కటే బిగించి తిప్పి చూడు. తిరిగితే రెండోది బిగించు. ఏది బిగించినప్పుడు ఆగిపోతే తప్పు అక్కడుంది." వాడు స్పానరు కింద పెట్టి నా వంక చూశాడు. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మేనత్త నోట ఈ మాటలేమిటని వాడి ఆశ్చర్యం. నా చిన్నప్పుడు మన ఇంట్లో ఇదే ఇంజను ఇలాగే బిగుసుకుపోయిందని చెప్పి, పని చేస్తూ వినమన్నాను. వాడికి సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు అప్పుడు బందరులో, సముద్రపు గాలికి తలుపు గొళ్ళాలు ఏటా తుప్పు పట్టే వీధిలో ఉండేది. నాన్న దివిసీమ ఊళ్ళలో మందుల షాపులకి సరుకు వేసేవారు. కారు వెనక సీటు తీసేసి, ఆ ఖాళీలో అట్టపెట్టెలు పేర్చుకుని, మంగళవారం అవనిగడ్డ, నాగాయలంక, గురువారం ఘంటసాల, చల్లపల్లి, శనివారం ఈ పక్కకి కృత్తివెన్ను తిరిగేవారు. పండగలకీ ప్రయాణాలకీ ఆ సీటు మళ్ళీ వచ్చి కూర్చునేది. ఇల్లంతా టించరు వాసన. నాన్న చొక్కాలకి దానితోపాటు పెట్రోలు వాసన, కృత్తివెన్ను వెళ్ళొచ్చిన రోజున చేపల వాసన. కారు పొద్దున్నే స్టార్టయ్యేటప్పుడు గుడ్డు పెట్టబోయే కోడిలా కొక్కొక్కోమని అరిచేది కాబట్టి వీధిలో అందరూ దాన్ని కోడిపెట్ట అనేవారు. నాన్నకి ఆ పేరు నచ్చేది కాదు. అమ్మకి నచ్చేది.

అమ్మకి ఇంట్లో ఒకటే చట్టం: కడిగినది ఏదైనా బోర్లించాలి. నోరు తెరుచుకున్న గిన్నెలో బల్లి పడుతుంది, దుమ్ము పడుతుంది, పక్కింటివాళ్ళ దిష్టి పడుతుంది అనేది. చెంబులు, గ్లాసులు, బకెట్లు, ఆఖరికి పూలకుండీ కింద పెట్టే మూకుడైనా సరే, తడి ఆరేదాకా బోర్లా పడుకోవాల్సిందే. మధ్యాహ్నం అంట్లు నా వంతు. బావి పళ్ళెం దగ్గర బూడిదా చింతపండూ వేసి తోమడం, కడగడం, ముందుకి దొర్లించి వరసగా బోర్లించడం. పదహారేళ్ళు వచ్చేసరికి అది నా చేతులకి ఎంత అలవాటైపోయిందంటే మనసు ఎక్కడ తిరుగుతున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. ఇప్పటికీ హోటల్లో వెల్లకిలా పెట్టిన గ్లాసు కనబడితే నా చెయ్యి ఊరుకోదు.

ఆ వేసవిలో ఇంజను పొగ కక్కుతోందని నాన్న మస్తాన్ గారిని పిలిచారు. బందరులో పేరున్న మెకానిక్ ఆయన. షెడ్డు ఉన్నా, ఇంజను పని మాత్రం బండి యజమాని ఇంట్లోనే చేసేవారు. మా పెరట్లో రేకుల పందిరి కింద దుంగలు వేసి ఇంజను దించారు. నేను ఆయన్ని మావయ్యా అనేదాన్ని. మనిషి మంచివాడే గానీ ముక్కు మీద కోపం. టీ పలచగా ఉంటే ఒక్క గుక్క తాగి మిగతాది మందారం మొదట్లో పోసేసేవారు. విప్పిన సామానంతా కిరసనాయిల్లో కడిగి తుంగచాప మీద వరసగా పేర్చేవారు. ఇంజను ముందు భాగానివి చాపకి ఈ చివర, వెనక భాగానివి ఆ చివర, ఏది ఏ వైపు తిరిగి ఉండాలో ఆ వైపే. ఆ చాప జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ప్రతి సామానూ ముక్కుకి ఆనించుకుని చూసేవారు. ఎందుకని అడిగితే ఇనుము కాలిన వాసన పసిగడుతున్నాననేవారు. మేమంతా నమ్మాం. అప్పటికే బస్టాండు పక్కన కొత్త షెడ్లు రెండు వెలిశాయి, మస్తాన్ పని మందగించిందని ఊళ్ళో మాట పుట్టింది. నాన్న ఆ మాట పట్టించుకోలేదు. ఈ ఇంజను బాగా కుదిరితే ఆ నోళ్ళు మూతపడతాయని మస్తాన్ మావయ్య అమ్మతో అనడం నేను విన్నాను.

ఇంజను సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. ఇంజను అడుగున వంకర్లు తిరిగిన బరువైన ఇనప షాఫ్టు ఒకటి ఉంటుంది. ఆ ఇంజనులో అది మూడు చోట్ల కూర్చుని తిరుగుతుంది. కూర్చున్న చోటల్లా దాని మీద ఒక ఇనప క్యాపు పెట్టి బోల్టులు బిగిస్తారు. ఒక్కో క్యాపు అరచేతిలో పట్టే చిన్న గిన్నెలా ఉంటుంది. ఏ చోటిది ఆ చోటికే, ముందు వైపుది ముందుకే ఉండాలి. వెనక్కి తిప్పి పెట్టినా బోల్టులు చక్కగా పడతాయి, చూడ్డానికి తేడా కనబడదు, కానీ వెంట్రుకవాసి తేడాకి షాఫ్టు తిరగడం మానేస్తుంది. అందుకే ప్రతి క్యాపు మీదా దాని అంకె, ముందు వైపు చూపించే చిన్న బాణం గుర్తు పోతపోసి ఉంటాయి. మా ఇంజను మీద ఆ గుర్తులు అప్పటికే బాగా అరిగిపోయాయి.

శుక్రవారం మధ్యాహ్నం మస్తాన్ మావయ్య సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని జుమా నమాజుకి వెళ్ళారు. వెళ్తూ చాప వైపు వేలు చూపించి, దాని మీద కాకి కూడా వాలకూడదని అమ్మతో చెప్పారు. అమ్మ తమ్ముడిని నిద్రపుచ్చుతోంది. నేను బావి దగ్గర అంట్లు తోముతున్నాను. ఉన్నట్టుండి గాలి లేచింది, పెరడంతా దుమ్ము. చాప వైపు పరిగెత్తాను. అన్నిటికంటే ముందు ఆ మూడు క్యాపులే కంట్లో పడ్డాయి. శుభ్రంగా కడిగి, నూనె రాసి, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. దుమ్ము వాటిలోకి రాలుతోంది. నా చేతులు నన్ను అడగలేదు. మూడింటినీ ఒక్కొక్కటే ముందుకి దొర్లించి బోర్లించేశాను. మిగతా సామాను మీద గోనెపట్టా కప్పాను.

గాలి తగ్గాక గానీ కాకి మాట గుర్తు రాలేదు. ఆయన వచ్చి చూస్తే నా పని అయిపోతుందని గబగబా గోనెపట్టా తీసేసి, మూడు క్యాపులనీ పైట చెంగుతో తుడిచి మళ్ళీ వెల్లకిలా పెట్టాను. ఆ కంగారులో ఈసారి పక్కకి దొర్లించాను. దాని ఫలితం ఏమిటో తెలియాలంటే చేతిలో ఉన్న పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, ఒకసారి ముందుకి దొర్లించి, తర్వాత పక్కకి దొర్లించి చూడండి. అట్ట పైకే ఉంటుంది, అక్షరాలు మాత్రం తలకిందులవుతాయి. నాకు అప్పుడు ఆ సంగతి తట్టలేదు. వరస చెడలేదు కదా అని ఊపిరి పీల్చుకుని అంట్ల దగ్గరికి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం క్యాపులు బిగించాక షాఫ్టు కదల్లేదు. మస్తాన్ మావయ్య తొణకలేదు. అన్నీ వదులు చేసి ఒక్కొక్కటే బిగిస్తూ తిప్పి చూశారు. మొదటిది బిగిస్తే ఆగిపోయింది. దాన్ని వదిలేసి రెండోది బిగిస్తే ఆగిపోయింది. మూడోదీ అంతే. ఒక్క చోట పట్టేస్తే తప్పు ఆ క్యాపుది, మూడు చోట్లా పట్టేసిందంటే తప్పు షాఫ్టుదేనని తేల్చారు. షాఫ్టుని వారం క్రితమే గుడివాడలో ఒక లేతు మేస్త్రి దగ్గర సాన పట్టించారు. అతను కొలత తప్పాడని మస్తాన్ మావయ్య, అతను అలాంటి మనిషి కాదని నాన్న. శనివారం నాన్న, కారు లేక బస్సులో వేస్తున్న సరుకు కూడా మానేసి, షాఫ్టుని గోనెలో చుట్టుకుని బస్సులో గుడివాడ వెళ్ళారు. సాయంత్రం తిరిగి వచ్చి, కొలత సరిగ్గా ఉందట అని మాత్రం పెరట్లో చెప్పారు. మిగతాది వంటింట్లో అమ్మతో చెప్పారు. లేతు మేస్త్రి నాన్న ఎదురుగానే మూడు చోట్లా కొలిచి చూపించి, మస్తాన్ గారిని కళ్ళు చూపించుకోమనండి అన్నాడట. అమ్మ పాపం అంది. నేను ఆ మాటని లేతు మేస్త్రి పొగరు అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే మళ్ళీ మొదలుపెట్టారు. క్యాపుల్లో వేసే బేరింగు రేకులు తీసి, వెనక నలుసు ఉందేమోనని వేలితో తడిమారు. నూనె వెళ్ళే బెజ్జాల్లో తీగ దూర్చి చూశారు. అన్నీ మళ్ళీ కడిగారు, మళ్ళీ పేర్చారు, మళ్ళీ బిగించారు. మూడు చోట్లా మళ్ళీ పట్టేసింది. వీధిలోవాళ్ళు ఇద్దరు ముగ్గురు గోడ దగ్గర చేరి చూస్తున్నారు. మస్తాన్ మావయ్య బనీను వీపుకి అతుక్కుపోయింది. నాన్న ఆయన పక్కకి వచ్చి మెల్లగా, మీరు ఏమీ అనుకోకండి, రేపు బెజవాడ నుంచి ఒకతన్ని పిలిపిస్తాను, ఇద్దరూ కలిసి చూద్దురు గాని అన్నారు. మస్తాన్ మావయ్య స్పానరు చప్పుడు కాకుండా చాప మీద పెట్టారు. ఆయన విప్పిన ఇంజనుని బెజవాడ మనిషి వచ్చి సరిచేశాడంటే బందరులో ఇక ఆయన చేతికి స్కూటరైనా ఎవరూ ఇవ్వరు. అది నాన్నకీ తెలుసు, గోడ దగ్గర నిలబడినవాళ్ళకీ తెలుసు. నాన్న ఫోను చేయడానికి వీధి చివరి ఇంటికి వెళ్ళారు.

అమ్మ మజ్జిగ ఇచ్చి రమ్మంది. నేను వెళ్ళేసరికి చూసేవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన ఒక క్యాపుని ముక్కు దగ్గర పెట్టుకుని, బొటనవేలి గోరు దాని మీద అటూ ఇటూ రాస్తున్నారు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అక్కడి నుంచే నాకు బాణం గుర్తు కనబడింది. చాప మీద బోర్లా ఉన్న మిగతా రెండింటి బాణాలూ కనబడ్డాయి. బాణం ముందు వైపు చూడాలని ఇంజను విప్పే రోజున ఆయనే చెప్పారు, ఈ రెండూ ఇంజను వెనక వైపు చూస్తున్నాయి. మజ్జిగ గ్లాసు ఆయన పక్కన పెట్టాను.

"మావయ్యా, శుక్రవారం గాలి దుమ్ము లేస్తే ఈ మూడూ నేను బోర్లించాను. మీరొచ్చే లోపల మళ్ళీ తిప్పి పెట్టాను. వెనకది ముందుకి పెట్టేసినట్టున్నాను."

ఆయన తల ఎత్తలేదు. "మీ నాన్నగారికి చెప్పావా?"

"లేదు. ఇప్పుడు రాగానే చెప్తాను."

"చెప్పకు."

నన్ను తిట్ల నుంచి తప్పిస్తున్నారనుకుని నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆయన క్యాపుని ఒళ్ళో పెట్టుకుని అన్నారు: "చెప్తే మీ నాన్నగారు ఏమంటారు? బాణం ఉంది కదా మస్తాన్ గారూ, అది చూసుకోకుండా ఎలా బిగించారంటారు. అప్పుడు నేనేం చెప్పను?"

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఆయన ఇనుము వాసన చూడటం లేదు. చాప మీద పేర్చిన తీరుని బట్టీ, వేళ్ళకి తగిలేదాన్ని బట్టీ ఇంజను కడుతున్నారు. ఇంత అరిగిపోయిన గుర్తు వేళ్ళకి తగలదు. మీకు కనబడట్లేదా అని అడిగాను. ఏడాదిన్నరగా అంతా పొగమంచులా ఉంటోందని, ఎండలో మరీ ఎక్కువని, తనింట్లో వాళ్ళకి కూడా తెలియదని చెప్పారు. ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పారు. తర్వాత క్యాపు నా చేతిలో పెట్టి, ఒక్కటే మాట అన్నారు: "చదువు."

అంకె చదివాను, బాణం ఎటుందో చెప్పాను. మొదటిది పెట్టి బిగించి షాఫ్టు మీద చెయ్యి వేశారు. నేను వీధి తలుపు వైపు చెవి పెట్టి ఉన్నాను, నాన్న చెప్పుల చప్పుడు ఏ క్షణాన వినబడుతుందోనని. షాఫ్టు నూనెలో మెత్తగా తిరిగింది. రెండోది బిగించారు, తిరిగింది. మూడోది బిగించేసరికి పట్టేసింది. తప్పు చదివావా అన్నారు. మళ్ళీ చూశాను, సరిగ్గానే చదివాను. క్యాపు సరిగ్గా కూర్చోలేదేమోనని ఆయన బోల్టులు వదులు చేసి, చెక్కసుత్తితో క్యాపు నెత్తి మీద రెండు దెబ్బలు వేసి, చెవి దగ్గరగా పెట్టి విని, మళ్ళీ బిగించారు. ఈసారి రెండు వేళ్ళతో తోస్తే షాఫ్టు తిరిగింది. ఆయన మొహం తుడుచుకున్నారు గానీ నవ్వలేదు. నాన్న వచ్చేసరికి నేను ఖాళీ గ్లాసుతో వంటింట్లో ఉన్నాను. దుమ్ము వల్ల వచ్చిన తంటా అండీ అని ఆయన చెప్పడం, ఈశ్వరా అని నాన్న అరుగు మీద కూలబడటం వినబడింది. నాన్న వెంటనే లేచి, రానక్కర్లేదని బెజవాడ మనిషికి చెప్పడానికి మళ్ళీ ఫోనుకి పరిగెత్తారు.

కథ అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. సోమ, మంగళవారాల్లో ఇంజను కార్లోకి ఎక్కింది, కోడిపెట్ట మళ్ళీ అరిచింది, వీధంతా వచ్చి చూసింది. నాన్న సంతోషం పట్టలేక, వచ్చే ఆదివారం మోపిదేవి వెళ్ళాలి, పనిలో పనిగా బ్రేకులు కూడా విప్పి చూడండి అన్నారు. లేకలేక పుట్టిన మా తమ్ముడికి స్వామి గుళ్ళో చెవులు కుట్టిస్తామని అమ్మ మొక్కు. చల్లపల్లి దాటాక రోడ్డు పక్కనే సాగే కాలవ, అమ్మ ఒళ్ళో మూడేళ్ళ తమ్ముడు, నాన్న కాలి కింద బ్రేకు, అప్పటి నుంచి ఇవే నా కళ్ళ ముందు. బుధవారం మస్తాన్ మావయ్య ముందు చక్రాలు విప్పుతుంటే పక్కన కూర్చుని, గుర్తులు నేను చదువుతానన్నాను. బ్రేకుల్లో చదవడానికేమీ లేదు, చేత్తోనే తెలుస్తుంది అన్నారు. పోనీ కంటి ఆపరేషన్ చేయించుకోండి అన్నాను. వాళ్ళ అన్నగారికి ఒక కన్ను ఆ ఆపరేషన్ తర్వాతే పోయిందని, తనకి మిగిలిన ఈ కాస్త చూపూ పోతే ఇక తన చేతులు ఎందుకని, వెళ్ళి చదువుకో పొమ్మని కసిరారు.

గురువారం పొద్దున నాన్న మందుల పెట్టెలకి దారం కడుతుండగా చెప్పేశాను. నేను బోర్లించిన సంగతి, ఆయన కళ్ళ సంగతి, రెండూ. నాన్న కేకలు వేస్తారనుకున్నాను. దారం చేతిలో పట్టుకుని, ఇంజను కట్టినప్పుడు గుర్తులు ఎవరు చూశారని మాత్రం అడిగారు. నేనే అన్నాను. ఆయన పెరట్లోకి వెళ్ళి మస్తాన్ మావయ్యతో చాలాసేపు తగ్గు గొంతుతో మాట్లాడారు. తనే కంటి ఆస్పత్రికి తీసుకెళ్తానని, దగ్గరుండి చూసుకుంటానని బతిమాలడం తలుపు వెనక నుంచి విన్నాను. మస్తాన్ మావయ్య సామాను మూటకట్టారు. వెళ్తూ వెళ్తూ బావి దగ్గర నా ముందు ఆగారు. కోపంగా లేరు. కోపంగా ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నీది నేను కడుపులో పెట్టుకున్నాను పాపా. నాది నువ్వు పెట్టుకోలేకపోయావు."

బస్టాండు షెడ్డు నుంచి ఒకతను వచ్చి బ్రేకులు చూశాడు. వెనక చక్రాలు తను చేశాడు. మస్తాన్ మావయ్య అప్పటికే పూర్తిచేసిన ముందు చక్రాలు విప్పి, పట్టి పట్టి చూసి, మార్చాల్సింది ఏమీ లేదని మళ్ళీ అలాగే బిగించేశాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గొంతులో ముల్లే. మేం మోపిదేవి క్షేమంగా వెళ్ళి వచ్చాం, తమ్ముడు చెవులు కుట్టేటప్పుడు గుడి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు. నాన్న ఎవరితోనూ ఏమీ అనలేదు. కానీ మీ కారు పని మధ్యలో మస్తాన్ ఎందుకు వెళ్ళిపోయాడని అడిగినవాళ్ళకి ఆయన అబద్ధం చెప్పలేక ఊరుకునేవారు. ఆ ఊరుకోవడమే ఊరంతా పాకింది. వానలు మొదలయ్యేసరికి మస్తాన్ మావయ్య షెడ్డు మూతపడింది. మరుసటేడు ఆయన ఆపరేషన్ చేయించుకున్నారు, చూపు వచ్చింది. అప్పటికి పని పోయింది. బావమరిది సైకిల్ షాపులో దళసరి కళ్ళద్దాలు పెట్టుకుని ట్యూబులకి అతుకులు వేస్తూ కూర్చునేవారు. నేను కాలేజీకి ఆ దారినే వెళ్ళేదాన్ని. నన్ను వీధి మలుపులోనే చూసేవారు, నేను దగ్గరికి వచ్చేలోపు తల వంచుకునేవారు. అప్పుడు ఆయనకి బాగానే కనబడుతోంది.

నేను చేసింది తప్పని అనుకోను. ఎన్నిసార్లు తిరగేసి చూసినా, ఆ గురువారం మళ్ళీ వస్తే మళ్ళీ చెబుతాను. అయినా ఆయన్ని ఇంకో దారిన ఒప్పించగలిగేదాన్నేమో, ఇంకో వారం ముందే ముక్కుకి ఆనించుకుంటున్నది వాసన కోసం కాదని గ్రహించగలిగేదాన్నేమో అని బాధపడని ఏడాది లేదు. ఇప్పుడు ఆ ఆపరేషన్ అంటే ఎవరికీ లెక్కలేదు. పొద్దున టిఫిను తిని వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటున్నారు. బందరులో నా ఈడువాళ్ళలో చేయించుకోనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజుల్లో మస్తాన్ మావయ్యకి ఈ సౌకర్యం ఉంటే ఎంత బాగుండేదని వంశీతో అంటున్నాను. వాడు అవునత్తా అంటూనే స్పానరు తిప్పుతున్నాడు.

మొదటి క్యాపు బిగించాడు, షాఫ్టు తిరిగింది. రెండోది బిగించేసరికి ఆగిపోయింది. చూశావా, అక్కడే ఉంది అన్నాను. క్యాపులు మూడూ శుభ్రం చేయడానికి ఎక్కడో ఇస్తే ఒకే సంచిలో వేసి ఇచ్చారని, ఈ రెండోదాని బాణం ఊహించి పెట్టానని వాడు ఒప్పుకున్నాడు. దాన్ని ఊడదీసి, తుడిచి, నా దగ్గరికి తెచ్చాడు. "బాణం ఎటుందో నువ్వే చూడత్తా. నీకు తెలిసిన గుర్తే కదా."

తీసుకున్నాను. వెలుతురు వైపు తిప్పాను. ముఖానికి దగ్గరగా తెచ్చాను, ఇంకా దగ్గరగా తెచ్చాను. బూడిదరంగు ఇనుము తప్ప ఏమీ లేదు. ఎటో ఒక వైపు చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే సగానికి సగం సరైనదే అవుతుంది. వంశీ నా ఎదురుగా నిలబడి ఎదురు చూస్తున్నాడు.

"కనబడట్లేదురా" అన్నాను.

వాడు తేలిగ్గా తీసుకుని ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేశాడు. బాణం దొరికింది. తిప్పి పెట్టి బిగించాడు. మూడోదీ బిగించాక ఒక్క వేలితో తోస్తే షాఫ్టు సాఫీగా తిరిగింది. వాడి మొహం వెలిగిపోయింది, రెండుసార్లు మూడుసార్లు తిప్పాడు, వాళ్ళ నాన్నకి పంపడానికి వీడియో తీశాడు. అప్పుడు ఆగి నా వైపు తిరిగాడు. "ఇంత గుర్తు చేతిలో పెట్టినా కనబడలేదంటే, బందరు నుంచి కారు నడుపుకుంటూ ఎలా వచ్చావత్తా?"

రెండు కళ్ళలోనూ పొరలు ముదిరాయని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. నేను రాస్తున్న పుస్తకం అచ్చుకి వెళ్ళాక అనుకున్నాను, ఆవకాయలయ్యాక అనుకున్నాను, వానలు తగ్గాక అనుకున్నాను. అసలు సంగతి వేరు. కారు తాళం నా చేతిలో ఉన్నంతకాలం ఎవరినీ ఎక్కడికీ తీసుకెళ్ళమని అడగక్కర్లేదు. కళ్ళ మాట బయటికి వస్తే ఆ తాళం నా చేతిలో ఉండదు. ఆ పొద్దున పెడన దగ్గర ఎదురుగా వస్తున్నది లారీ అనుకుని పక్కకి తీశాను. పక్క నుంచి వెళ్తుంటే గానీ అది స్కూలు బస్సని తెలియలేదు. ఇదంతా వాడికి చెప్పాను, స్కూలు బస్సు సంగతి తప్ప.

వంశీ చెయ్యి చాపాడు. నేను ఇవ్వకపోయేసరికి సంచిలోంచి వాడే తాళం తీసుకున్నాడు. నా ఎదురుగానే వాళ్ళ నాన్నకి ఫోను చేసి, అత్తకి కళ్ళు సరిగ్గా కనబడట్లేదనీ, కారు ఇక్కడే ఉంచేస్తున్నాననీ, ఈ వారంలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలనీ చెప్పాడు. నేను నాలుగు రోజులు నలిగిన చోట వాడికి నాలుగు నిమిషాలు పట్టలేదు. వాడు చేసింది సరైన పనే. అది తెలిసి కూడా నాకు వాడి మీద ఒళ్ళు మండిపోయింది. బందరు దాకా దింపుతానంటే అక్కర్లేదన్నాను. వాడే బస్టాండుకి తీసుకెళ్ళి, సీటు పట్టి కూర్చోబెట్టి, దిగి, బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడ్డాడు. నేను వాడి వంక చూడలేదు.